ముడుల సంతలో విరజ

మొసళ్ళ కాలువ ఈది, వెంటపడిన దారిదొంగలిద్దరినీ అదే కాలువకు బలిపెట్టి, తడిబట్టలతోనే తెల్లవారేసరికి తామ్రవేది నగరద్వారం చేరుకుంది శరభగిరి రాకుమార్తె విరజ. లోపల అడుగు పెట్టబోతూ పైపెదవి ఒకసారి తడుముకుంది. ఎలుగుబంటి వెంట్రుకలతో అతికించుకున్న మీసం చెక్కుచెదరలేదు. కొండదేశపు వర్తకుణ్ణి, పేరు విరజుడు అని కావలివాడికి చెప్పుకుంది. వాడు ఆమె ముఖం చూడలేదు, కుడిచేతి మణికట్టు చూశాడు. అక్కడ దారం లేదని తేలాక పక్కకు తప్పుకున్నాడు. ఆ ఊళ్ళో మనిషిని ఎంచే తీరే అంత.

రాగిరేకులు తాపిన బురుజులు, బురుజుకూ బురుజుకూ మధ్య పగడపు కొమ్మల తోరణాలు, వీధికి రెండు పక్కలా గంధపు దుంగల అరుగులు, అరుగుల మీద పట్టు పరుపులు, పరుపుల మీద ఏ వేలూ ఖాళీ లేకుండా ఉంగరాలు తొడిగిన శెట్లు! అరుగు అరుగుకీ దంతపు కొయ్యల నుంచి ఎర్రదారాలు వేలకు వేలు వేలాడుతున్నాయి. సముద్రపు గాలికి అవి ఊగాలి. ఊగడం లేదు. తామ్రవేదిలో గాలి స్తంభించి నెలలు దాటింది. గాలి లేక ఓడ రాలేదు, ఓడ రాక గుర్రం దిగలేదు, గుర్రం దిగక దాని ధర మబ్బుల్లోకి పోయింది. అశ్వశాలల అధిపతి తురగానందుడే మంత్రం వేసి గాలిని తోలుసంచిలో కట్టేశాడని ఊరంతా అనుకుంటుంది గానీ, ఆ మాట పైకి అనడానికి ఎవడికీ దమ్ము లేదు.

విరజ అక్కడికి రావడానికి కారణం ఆమె తమ్ముడు. శత్రువులు కోట ముట్టడికి వస్తున్నారని తెలిసి, గుర్రాలు కొనుక్కు రమ్మని రాజు తన కొడుకు చిత్రాయుధుడికి బంగారమిచ్చి పంపాడు. గుర్రాలు రాలేదు, కుర్రవాడి కబురూ రాలేదు. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకు పెంచింది విరజే. అందుకే సేనాపతి వెళ్తానన్నా వినకుండా, తానే మీసం అతికించుకుని బయల్దేరింది.

వెతకబోతే తమ్ముడు తేలిగ్గానే దొరికాడు. సంత నడిబొడ్డున గడువు మండపం ఉంది. గుర్రం ఇస్తానని మణికట్టుకు దారం ముడేసుకుని, గడువు తీరబోయే వాళ్ళను అక్కడ కూర్చోబెడతారు. సంకెళ్ళు లేవు, కావలి లేదు. మణికట్టు మీది దారమే సంకెల, మెట్టు దిగబోతే కాలు లేవదు. చిత్రాయుధుడు స్తంభానికి చేరగిలబడి ఉన్నాడు. మీసమున్నా సరే, అక్కను చూడగానే గుర్తుపట్టి చేతులు ఉత్తరీయం కింద దాచుకున్నాడు. విరజ లాగి చూసింది. గోళ్ళు నల్లగా, దళసరిగా గట్టిపడ్డాయి. రెండేసి వేళ్ళు అతుక్కుపోయాయి.

"పొద్దు గుంకగానే నగారా మోగుతుందక్కా," అన్నాడు చిత్రాయుధుడు. గొంతు అప్పటికే బొంగురుపోయింది. "ఈలోగా ఒక గుర్రాన్ని తెచ్చి అప్పగించాలి. లేకపోతే నేనే గుర్రాన్నవుతాను. ఇక్కడి కట్టుబాటు అది."

విరజ ముందు ఒక్క లెంపకాయ కొట్టింది. తర్వాత ఆ చెంపే నిమిరింది.

జరిగింది వాడు చెప్పుకొచ్చాడు. తెచ్చిన బంగారానికి కావలసినన్ని గుర్రాలు రావని తేలిందట. ముడులు వేసుకో, ఊరికే కూర్చున్నా ముడుపు వస్తుంది అని ఎవరో పుణ్యాత్ముడు చెవిలో ఊదాడట. మొదట్లో వచ్చింది కూడా. వచ్చిందాంతో ఊరుకుంటే వాడు రాజకుమారుడెలా అవుతాడు? పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు చేతినిండా ముడులు వేసుకున్నాడు. అంతలో గాలి ఆగింది. ఉన్న బంగారమంతా పోసి గుర్రాలు కొని ఒక్కొక్క ముడే విప్పించుకోగా, చివరికి ఒకటి మిగిలింది. దాని రెండో కొస తురగానందుడి చేతిలో ఉంది.

మండపం దిగి విరజ నేరుగా పగడాలశెట్టి అరుగెక్కింది. చిత్రాయుధుడి చేత ముడులు కట్టించిన దళారి ఆయనే. పీక పట్టుకోవాలనిపించింది గానీ, పని చెడుతుందని పరుపు మీద కూర్చుని, తాను కొత్తవాణ్ణనీ, ఈ వ్యాపారం ఓనమాల నుంచి చెబితే గాని దిగననీ వినయంగా అడిగింది. శెట్టి తాంబూలం నమిలి, పక్కకు ఉమ్మి, తీరుబడిగా మొదలుపెట్టాడు.

"గుర్రం ఇవాళ నూరు వరహాలనుకో బాబూ. పున్నమికి పెరుగుద్దని నీ అనుమానం. పెరగదని నా నమ్మకం. పున్నమిలోగా ఎప్పుడడిగినా నూరుకే ఇస్తానని నేను దారం ముడేసుకుంటా. రెండో కొస నువ్వు పట్టుకుంటావ్. నా మాటకు ఖరీదుగా ఐదు వరహాలు నాకిస్తావ్. అది ముడుపు. ఏం జరిగినా అది నాదే, తిరిగి నీకు రాదు."

"ధర పెరిగితే?"

"రెండొందలైందనుకో. కొస లాగి నూరుకే పుచ్చుకుంటావ్, ఏడ్చేది నేను. యాభైకి పడిందనుకో, నా గడపెందుకు తొక్కుతావ్? సంతలోనే చవగ్గా కొనుక్కుంటావ్. నీకు పోయింది ఆ ఐదే. కొస పట్టినోడికి అడిగే హక్కుంది, అడిగి తీరాలని లేదు. ముడేసుకున్నోడికి ఆ వెసులుబాటు లేదు. అడిగారా, ఇచ్చి తీరాల్సిందే."

కొస పట్టినవాడి నష్టం ముడుపు దగ్గరే ఆగిపోతుందన్నమాట, మరి ముడేసుకున్నవాడి నష్టం ఎక్కడ ఆగుతుందని విరజ అడిగింది. శెట్టి వేలెత్తి ఆకాశం చూపించి, ధరకు పైకప్పు ఎవరైనా కట్టారా అని ఎదురడిగాడు.

ఆయన అక్కడితో ఆగలేదు. చెప్పడం మొదలెడితే ఆపని మనిషి. ఇది కొనే ముడి అట. దీన్ని తిరగేస్తే అమ్మే ముడి. ఇంట్లో గుర్రమున్నవాడు రేపు ధర పడిపోతుందేమోనని భయపడితే, ముడుపిచ్చి, ఫలానా ధరకు నా గుర్రాన్ని నువ్వు కొనాల్సిందే అనే హక్కు సంపాదించుకుంటాడు. ధర పడితే ఆ హక్కు కాపాడుతుంది. పడకపోతే ముడుపు దండగ. దొంగ రాకపోయినా కావలివాడికి జీతమివ్వమూ, అలాగే ఇదీనట. ఇక గడువు దగ్గరపడే కొద్దీ, ధర అనుకున్న వైపు కదలకపోతే, పట్టుకున్న ముడి విలువ ఎండలో పెట్టిన వెన్నముద్దలా కరిగిపోతుంది. దొడ్లో గుర్రాన్ని పెట్టుకుని కొనే ముడి వేసినవాడికి ప్రాణభయం లేదు. ధర ఎంత పెరిగినా దొడ్లోది తోలిచ్చి, లాభం పోయిందని కాసేపు ఏడ్చి ఊరుకుంటాడు. దొడ్డి ఖాళీగా పెట్టుకుని వేసినవాడిదే చావు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అని నవ్వాడు శెట్టి. "ముడి ఊడాలంటే సరుకు తేవాలి. లేదంటే కొస పట్టినోడు ఒప్పుకుని పాతది విప్పి కొత్త ముడి వేయించుకోవాలి. గడువు జరుగుద్దంతే, మెడ మీద కత్తి ఎక్కడికీ పోదు."

ఇదంతా ఆ కొండదేశపు కుర్రవాడికి చెప్పారా అని అడిగింది విరజ. ముడుపు వస్తుందని చెప్పినట్టు మాత్రం గుర్తుంది అన్నాడు శెట్టి, ఏ మాత్రం తడుముకోకుండా.

ఊళ్ళో ఒక్క గుర్రం కొనాలంటే ఇప్పుడు శరభగిరి కోటనే తాకట్టు పెట్టాలి. కానీ దళారి నోటికి అడ్డేముంది, దక్షిణపు ఉప్పురొంపిలో పగ్గం తెంచుకున్న గుర్రమొకటి తిరుగుతోందని ఆయనే బయటపెట్టాడు. పగ్గం లేని గుర్రం పట్టినవాడిదే అన్నది నగర ధర్మం. పట్టబోయినవాళ్ళు తిరిగి రాలేదన్న మాట చివర్లో చల్లగా అన్నాడు. అప్పటికే విరజ అరుగు దిగింది.

ఉప్పురొంపి చూడ్డానికి వెండి పళ్ళెంలా ధగధగలాడుతుంది. నీలి పూల తీగలు, గులాబి రెక్కల కొంగలు, ఎండలో మెరిసే ఉప్పు గుట్టలు, ఆ అందానికి కళ్ళు చెదురుతాయి. అడుగేస్తే మెడదాకా మింగుతుంది. విరజ తాటిమట్టలు నరికి పాదాలకు కట్టుకుని ఊబి మీద జారుతూ పోయింది. సగం దూరంలో గంపంతేసి ఎండ్రకాయలు బురద చీల్చుకుని పైకొచ్చాయి. ఒకదాని డెక్క తెగనరికింది, ఇంకొకటి ఎడమకాలి మట్టను పట్టి విరిచింది. కుంటుతూనే ముందుకు దూకింది. ఎదురుగా ఉప్పుగుట్ట మీద గుర్రం! ఎర్రటి మేను, జూలు నిండా ఉప్పు. దానికి అటువైపు నుంచి ఇనుప కొక్కేలు తిప్పుకుంటూ తురగానందుడి శాలభటులు వస్తున్నారు.

విచిత్రమేమిటంటే గుర్రం భటులను చూసి వణికింది, విరజను చూసి తల వంచింది. దాని ఎడమచెవికి చిన్న ఇత్తడి పోగు ఉంది. గుర్రానికి చెవులు కుట్టిందెవరా అనుకుంది విరజ. అంతకుమించి ఆలోచించే తీరిక ఎక్కడిది? తలపాగా విప్పి మెడకు పగ్గం వేసి, వీపు మీదికి ఎగిరి కూర్చుంది. కొక్కెమొకటి భుజం చీల్చుకుంటూ పోయింది. గుర్రం ఊబిలో గట్టినేల ఎక్కడుందో తెలిసినట్టే గుట్ట మీంచి గుట్టకు దూకింది. వెనక భటుల కేకలు బురదలో మునిగి ఆగిపోయాయి.

నగరంలోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. సంతకు పోవాలంటే కుడివైపు తిరగాలి. గుర్రం తిరగలేదు. పగ్గం లాగింది, మడమతో పొడిచింది, బతిమాలింది, తిట్టింది. మొండిఘటం. జాలర్ల వాడలోకి దూరి, ఒక తాటాకు గుడిసె ముందు ఆగి, ముందుకాళ్ళు మడిచి గడపకు తల ఆనించింది.

లోపల వల అల్లుకుంటున్న మనిషి బయటికొచ్చింది. గవరమ్మ ఆమె పేరు. విరజను చూడనైనా చూడలేదు. గుర్రం చెవి పట్టుకుని పోగు తడిమి, చిరిగిన కొంగుతో దాని కళ్ళు తుడిచి, పక్కన కూలబడింది. విరజకు ఈ ఊళ్ళో అప్పగించే గుర్రాలన్నీ ఎక్కడివో ఇప్పుడు అర్థమైంది. ఒకడు ముడి తప్పితే గుర్రమవుతాడు, ఆ గుర్రాన్నిచ్చి ఇంకొకడు ముడి విప్పించుకుంటాడు. ఓడలు వచ్చినా రాకపోయినా తురగానందుడి శాల నిండుతూనే ఉంటుంది. ఊరందరికీ ఇది తెలుసు, శెట్టికీ తెలుసు. అడగలేదు గనుక చెప్పలేదు.

"పోయిన పున్నానికి పోయాడు బాబూ మా ఆయన," అంది గవరమ్మ. "పడవ కొందారని ముడేసుకున్నాడు. నువ్వెవర్నిడిపించుకోడానికి తోలుకెళ్తన్నావు?"

"తమ్ముణ్ణి."

గవరమ్మ గుర్రం మెడ మీద చెయ్యి వేసే ఉంచింది. "అయితే తోలుకెళ్ళు. నిన్నేటీ అనను. నా తమ్ముడైతే నానూ తోలుకెళ్దును."

తిట్టినా బాగుండేది. శాపనార్థాలు పెట్టినా, కాళ్ళ మీద పడినా విరజ గుండె రాయి చేసుకునేదే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పగ్గం చేతికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. తమ్ముడి అతుక్కున్న వేళ్ళు కళ్ళ ముందు కదిలాయి. పొద్దు గుడిసెల చూరు దాటి కిందికి జారుతోంది. చివరికి తలపాగాను గుర్రం మెడలోంచి తీసేసింది. ఎవరి కంటా పడకుండా ఉప్పుగుట్టల వెనక్కి తోలెయ్యమనీ, భటులు ఊబిలో కూరుకుపోయారనీ గవరమ్మకు చెప్పి, ఏడుస్తూ సంత వైపు పరుగెత్తింది. రాకుమార్తెలు ఏడవకూడదని శరభగిరిలో ఒక నియమముంది. ఆ నియమం పెట్టినవాడికి తమ్ముడు ఉండి ఉండడు.

మండపం దగ్గర నగారా కొట్టేవాడు కర్రలు పట్టుకుని సిద్ధంగా నిలుచున్నాడు. చిత్రాయుధుడు చేతుల మీదా మోకాళ్ళ మీదా వంగి ఉన్నాడు. వేళ్ళన్నీ కలిసిపోయాయి. అక్క ఉత్త చేతులతో రావడం చూసి తల దించుకున్నాడు. పక్కనే తురగానందుడు నిలబడి ఉన్నాడు. మంత్రగాడంటే ఎర్రకళ్ళూ పుర్రెల దండా ఊహించుకున్న విరజకు కనిపించింది బక్కపలచని ముసలాయన. ఉతికిన పంచె, నుదుట విభూది, అరచేతిలో గుప్పెడు నానబెట్టిన శనగలు.

"మీసం ఒక పక్క ఊడింది తల్లీ," అన్నాడు మెత్తగా. "శరభగిరి ఆడపిల్లకు ఆ వేషం నప్పలేదు. గుర్రమేదీ?"

విరజ ఉన్న పక్క కూడా ఊడబెరికి పారేసింది. గుర్రం లేదంది. తానే ముడేసుకుంటానంది.

"ముడేసుకుంటే ముడుపు నాకు రావాలి కదా. ఆ ముడుపు నా తమ్ముడి దారం. ముందది విప్పు."

తురగానందుడు శనగలు కింద పోసి చేతులు దులుపుకున్నాడు. మామూలు గుర్రానికైతే తనకు ఆశ లేదన్నాడు. నల్లసుడి ద్వీపంలో అలల మీద పరుగెత్తే నీటిగుర్రముంది, దాన్ని వచ్చే పున్నమికి ఒక్క గవ్వ ధరకు తనకు ఇస్తానని ముడేసుకోవాలన్నాడు. నల్లసుడికి పోయిన ఓడల్లో తిరిగొచ్చినది లేదు. ఆయనకు ఎటైనా లాభమే. తెస్తే నీటిగుర్రం, తేకపోతే శాలలో ఒక రాజవంశపు ఆడగుర్రం.

"ఒప్పుకుంటాను. కానీ గడువునాడే అడగాలి," అంది విరజ. "ముందు ఏ రోజు కొస లాగినా చెల్లదు. ఆ మాట నగారా సాక్షిగా అను."

"శెట్టి బాగానే పాఠం చెప్పాడే," అని నవ్వి, ఆయన ఆ మాట అన్నాడు.

దొడ్డి ఖాళీగా ఉండగా ముడి వేసుకోకూడదని ఉదయమే విన్న మనిషి, సాయంత్రానికి సరిగ్గా అదే పని చేసింది. తమ్ముడు తెలియక పడ్డ గోతిలోకి తెలిసి దిగింది. దారం మణికట్టుకు బిగియగానే చెయ్యి మోచేతిదాకా చల్లబడింది. నగారా మోగే లోపలే చిత్రాయుధుడి దారం తెగి కింద పడింది.

విరజ వాణ్ణి లేవనెత్తి నిలబెట్టింది. వాడు నిలబడగలిగాడు, మెట్టు దిగగలిగాడు. కలిసిన వేళ్ళు మాత్రం విడలేదు. విరజ తురగానందుడి వైపు తిరిగింది.

"ఇక మారడు తల్లీ. కానీ మారిందేదో మారినట్టే," అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుంటున్నట్టు. "పొద్దుండగా వచ్చి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు."

జాలర్ల వాడలో పగ్గం చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడిన ఆ కాసేపు ఏం తీసుకుపోయిందో విరజకు అప్పటికి తెలియలేదు. తమ్ముడి భుజం పట్టుకుని, ఫరవాలేదురా, పున్నమిలోగా నీటిగుర్రాన్ని తెస్తాను, నీ వేళ్ళకూ ఏదో ఒక వైద్యం దొరక్కపోదు, నువ్వు నాతో ఒక్క మాట మాట్లాడు చాలు అంది.

చిత్రాయుధుడు అక్కా అని పిలవబోయి నోరు తెరిచాడు. వాడి గొంతులోంచి సకిలింపు వచ్చింది. వాడు అదిరిపోయి, మొండిచేతులతో నోరు మూసుకున్నాడు.

సంత చుట్టూ ఉన్న శాలల్లోని గుర్రాలన్నీ ఒక్కసారిగా వాడికి బదులు పలికాయి. అరుగుల మీది శెట్లు తలలు దించుకుని దారాలు సర్దుకోసాగారు. విరజ తమ్ముడి చేతిని తన నడుముకు చుట్టుకుని, నల్లసుడికి పడవ కట్టే మొనగాడి కోసం రేవు వైపు నడిచింది.